భుజం మీద చెయ్యి

హలో… ఆ, నేనే. … అదేంటి, నువ్వెత్తావేంటి?

— నీ ఫోన్ నువ్వెత్తక ఇంకెవరెత్తుతారు, సరే. కానీ ఎంగేజ్ రావాలి కదా! ఎంగేజ్ వస్తుందనే చేశాను.

— ఎవరా? గొంతు గుర్తుపట్టలేదూ? డ్రిప్పు గదిలో నీ పక్క కుర్చీలో కూర్చునేవాడే, నువ్వు నోరారా 'అన్నయ్యా, అన్నయ్యా' అంటావే… ఆయన భార్యని.

— వద్దు. 'వదినా' అనకు. ముందా పిలుపు ఆపు, తర్వాత మాట్లాడదాం.

— బాగానే ఉన్నా. నాకేం, గుండ్రాయిలా ఉన్నా. ఇవాళ మిల్లుకి సెలవు, గేటు దగ్గర డ్యూటీ లేదు. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నా. … మీ అన్నయ్యా? మీ అన్నయ్య బాత్రూంలో ఉన్నాడు. ఫోన్ పట్టుకుని మరీ వెళ్ళాడు. గడియ పెట్టాడు, కుళాయి తిప్పాడు, దాని మీద ఫోన్లో వార్తలు పెట్టాడు, వీధి వీధంతా వినపడేలా.

బాత్రూంలోకి ఫోనెందుకు టైలరమ్మా? నువ్వే చెప్పు.

…

నేను చెప్పనా? నీతో మాట్లాడ్డానికి! నీతో గుసగుసలు నాకు వినపడకుండా ఆ కుళాయి, ఆ వార్తలు. పది రోజులుగా చూస్తున్నా. పొద్దున ఒకసారి, భోజనం అయిందో లేదో ఒకసారి, సాయంత్రం టీ సగం తాగి ఒకసారి. తేలు కుట్టిన దొంగలా లేచి వెళ్ళిపోతాడు. సరే, ఇవాళ లోపల ఉండగానే నీకు కొడదాం, ఎంగేజ్ వస్తుంది, ఇద్దరూ ఒకేసారి దొరుకుతారు అనుకున్నా. … రింగయింది. ఒక్క రింగుకే ఎత్తావు.

మరి లోపల ఎవరితో మాట్లాడుతున్నట్టు?

…

చెప్పు, ఎవరితో?

— ఎవరితోనూ కాదా? అంత గట్టిగా ఎలా చెప్తావు? మా ఇంటి బాత్రూం సంగతి నీకెలా తెలుసు?

…

చూశావా. తెలుసు నీకు. ఏదో తెలుసు. నాకు తెలియనిది నీకు తెలుసు.

— అరవట్లేదు. నా గొంతే అంత. గేటు దగ్గర సైరన్ మోగుతుండగా మాట్లాడే గొంతు ఇది.

— వినేదేం లేదు. నువ్వు విను. మిల్లులో ఎంతమంది ఆడవాళ్ళ సంచులు తడుముతానో తెలుసా రోజూ? కళ్ళు మూసుకుని పైట మడతలో దారపు ఉండ పట్టేస్తా. అలాంటిదాన్ని నా ఇంట్లో ఏం జరుగుతోందో పట్టుకోలేననుకున్నారా మీరిద్దరూ?

మొదటిది. ఆ కిటికీ పక్క కుర్చీ ఈయనది. మొదటి డ్రిప్పు నుంచీ ఈయనది. నువ్వొచ్చిన రోజు లేచి నీకిచ్చేశాడు. నాకు బస్సులో కిటికీ సీటివ్వడు ఆ మనిషి! పెళ్ళయినప్పటినుంచీ ఇవ్వలేదు!

— ఎండ పడుతుందని మార్చుకున్నాడా. ఆహా. ఆయన వైపే మాట్లాడు.

రెండోది. నువ్వేదో అన్నావట, సెలైన్ స్టాండుకి పేరు పెట్టావట. 'మామగారు' అని. వెంటే వస్తుంది, మాట్లాడదు, కదలనివ్వదు అని. ఇంటికొచ్చి అది చెప్పి ఎంత నవ్వాడో! నేనూ నవ్వాను. ఏం చెయ్యను, నవ్వక? వంటింట్లోకి వెళ్ళాక గిన్నె విసిరికొట్టాను. నా మాటకి అలా నవ్వి ఎన్నాళ్ళయింది ఆయన?

— అది కాదు, అసలుది వస్తోంది, ఆగు. మూడోది. ఇదిగో నా చేతిలోనే ఉంది, ఇప్పుడే పిండాను. గోధుమరంగు ప్యాంటు. నడుము దగ్గర వెనక కుట్లు. మిషన్ కుట్టు, వరస తప్పకుండా, చివర రెండుసార్లు వెనక్కి కుట్టి ముడి వేసి. నా చేతి కుట్టు కాదది. నా కుట్టు వంకర. వేలితో తడిమితే తెలిసిపోయింది. … నీదేనా? … చెప్పు.

…

నీదే. ఒప్పుకున్నావు. నా మొగుడి ప్యాంటు నీ మిషన్ మీదికి ఎలా వచ్చింది? ఏ రోజు తెచ్చాడు? విప్పి ఇచ్చాడా, వేసుకుని వచ్చి కొలతలిచ్చాడా?

— చెప్తానంటావు, చెప్పవు! ఒట్టేశావా? ఎవరికి ఒట్టు? ఆయనకా? నా ఇంటాయనకి నువ్వు ఒట్లు కూడా వేసేస్తున్నావన్నమాట!

…

ఏడుస్తున్నావా? … ఏడవకు. నాకూ ఏడుపొస్తుంది, అప్పుడు తిట్టలేను.

నువ్వొచ్చిన మొదటి రోజు డాక్టరు చెప్పింది గుర్తుందా? నువ్వూ ఉన్నావుగా, పక్కనే. నేను గేటు దగ్గర మనిషినని తెలిసి నాకర్థమయ్యేలా చెప్పాడు. ఒంట్లో కూడా కాపలావాళ్ళుంటారమ్మా, రక్తంలో గస్తీ తిరుగుతూ కనపడిన ప్రతివాణ్ణీ కార్డు చూపించమంటారు అన్నాడు. పరాయి పురుగైతే ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. కొన్ని జిత్తులమారి పురుగులుంటాయట, పూటకో చొక్కా మారుస్తాయి, నిన్నటి ఆనవాలు పట్టుకుని ఇవాళ వెతికితే దొరకవు. ఈ క్యాన్సరు గడ్డ దారి వేరు. అది మన ఒంట్లో పుట్టిందే. మెడలో మన కార్డే ఉంటుంది. కాపలావాడికి అనుమానం వచ్చి నిలదీశాడే అనుకో, దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేస్తుంది. … ఆ, అదే, ఆ మీట. కాపలావాడి భుజం మీద ఒక మీట ఉంటుంది, మనవాళ్ళు తడితే చల్లబడాలని. దొంగ కూడా అక్కడే తడతాడు. 'నేను మీవాణ్ణే బాబాయ్, కూర్చో' అని. అంతే, ఆ పిచ్చి సన్నాసి కర్ర పక్కన పడేసి కూర్చుంటాడు. లోపల గోదాం ఖాళీ అయిపోతుంటుంది.

అప్పుడు నవ్వాను నేను. మా గేటు దగ్గర భుజం తట్టేవాళ్ళనే ముందు తడుముతాను డాక్టరుగారూ అన్నాను.

అన్నానా? … అని ఏం చేశాను? నువ్వొచ్చి 'వదినా, మీరు అలసిపోయారు, కాస్త నడుం వాల్చండి, అన్నయ్యని నేను చూస్తాలెండి' అంటే వెళ్ళి బెంచీ మీద పడుకున్నాను. నా ఫ్లాస్కులో టీ నీకు పోశాను. నా దుప్పటి నీ కాళ్ళ మీద కప్పాను. వదినా అన్న ఒక్క ముక్కకి.

— నమ్మమంటే ఎలా నమ్మను? నా చోటులో ఉండి చూడు.

గాజు తలుపుకి ఇవతల బెంచీ నాది. అవతల గది మీ ఇద్దరిదీ. ఒకే మందు, ఒకే బొట్టు బొట్టు. ఆయన ఏదో అంటాడు, నువ్వు తలూపుతావు. నువ్వేదో అంటావు, ఆయన తలూపుతాడు. ఇంటికొచ్చాక ఏమన్నారు అంటే 'ఏముంది, మామూలే' అంటాడు. నాకు భయం లేదనుకుంటాడేమో. నాకు చెబితే వార్డుకి ఫోన్ చేసి గోల చేస్తాననుకుంటాడు. చేస్తాను. ఎందుకు చెయ్యను? దగ్గితే చేశాను, ఒకసారి తుమ్మితే కూడా చేశాను. అందుకని నాకు దగ్గు దాచి, నీకు చెప్పుకుంటాడు.

ఒక్కోసారి ఏమనిపిస్తుందో తెలుసా… ఆ జబ్బేదో నాక్కూడా వచ్చుంటే ఆ పక్క కుర్చీ నాదయ్యేది కదా అనిపిస్తుంది.

…

అవును. అన్నాను. నాకంత కుళ్ళు. నీకొచ్చిన జబ్బు మీద కూడా కుళ్ళు. ఇక నన్నేమనుకుంటావో అనుకో.

…

…

హలో? ఉన్నావా?

— ఏంటి?

— మళ్ళీ చెప్పు. … ప్యాంటు నడుం దగ్గర ఎందుకు కుట్టావని నేను అడగనే లేదా? అడిగాగా. … ఎవరు కుట్టారని అడిగానా. … సరే, ఎందుకు?

…

వదులైపోయిందని.

వదులు ఎందుకవుతుంది? ఆయన… కిందటి డ్రిప్పు రోజు తూకం వేశారు. నేనే చూశాను, సిస్టరు అంకె రాసింది. తగ్గలేదు. ఒక్క పిసరు తగ్గలేదు. 'మీరు భలే తింటున్నారే' అంది కూడా.

— ఎన్ని ప్యాంట్లు? … అన్నీనా?

ఉండు.

ఉండు, ఒక్క నిమిషం నన్ను ఆలోచించుకోనివ్వు. … ఈ గోధుమరంగుది డ్రిప్పు రోజు వేసుకున్నది. ఉతకబోతే జేబుల్లో నట్లు, బోల్టులు. ఇంతింతవి. లిఫ్టు రిపేరులోవి. పనికి వెళ్ళడం మానేసి ఎన్నాళ్ళయింది, ఇంకా జేబులో ఈ ఇనుపసామానేంటండీ, వాషింగ్ మిషన్ పాడైపోతుంది అని తిట్టాను. 'అలవాటు ప్రాణమే, జేబు ఖాళీగా ఉంటే తోచదు' అన్నాడు. నిజమే పాపం అనుకున్నా నేను. గిన్నెలో పోసి అటక మీద పెట్టా.

…

తూకానికి. తూకం కోసం వేసుకున్నాడా? … నీకు తెలుసా? … నీకూ అప్పుడే చెప్పాడా.

ఓరి దేవుడా. మిల్లులో ప్రతివాళ్ళ జేబులూ తడుముతాను నేను. నా చేతుల్లోకి వచ్చి పడ్డాయి, నేను తీసి అటక మీద పెట్టాను.

— చెప్పు. ఒట్టు నేను తీసేస్తున్నా. ఆయన పాపం నాకు తగలనీ, నువ్వు చెప్పు. బాత్రూంలో ఏంటి?

…

ఎన్నిసార్లు?

— అన్నిసార్లా! నేను ఇంట్లో లేనప్పుడు కూడానా? … నేను మిల్లుకి వెళ్ళాక ఇక పొద్దంతా అదే పనా? మరి సాయంత్రం నేనొచ్చేసరికి గళ్ళ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, సోఫాలో కూర్చుని… 'రా, ఎలా ఉంది గేటు' అంటాడే!

— లేదు, కూర్చోను. కూర్చుంటే లేవలేను. చెప్పు. నాకెందుకు చెప్పలేదట?

— నీ మందా? నీ మందు ఆపేస్తే ఆయనకేంటి?

…

ఓహ్.

నీకు ఒళ్ళంతా దద్దుర్లొచ్చి, నువ్వు సిస్టరుకి చెప్తే, వాళ్ళు మందు ఆపేశారు. అది చూశాడు. పక్క కుర్చీ ఖాళీ అవడం చూశాడు. … అందుకని తను చెప్తే తనకీ ఆపేస్తారని. గడ్డ ఇప్పుడిప్పుడే కరుగుతోంది, చేజేతులా ఎందుకు చెడగొట్టుకోవాలని. … అంతే అన్నాడా? 'నాకింకో నాలుగేళ్ళు కావాలి, పొట్ట నొప్పి నాకో లెక్క కాదు' అన్నాడా. … ఎవరి కోసం నాలుగేళ్ళు?

…

చెప్పకులే. ఇప్పుడు చెప్పకు.

టైలరమ్మా, డాక్టరు రెండో ముక్క కూడా చెప్పాడు. నేను మర్చిపోలేదు. ఈ మందు కాపలావాడి భుజానికి తొడుగు లాంటిది, దొంగ చెయ్యి ఇక మీట మీద పడదు అన్నాడు. కానీ మనవాళ్ళ చెయ్యి కూడా పడదమ్మా అన్నాడు. కాపలావాళ్ళు రెచ్చిపోయి ఇంట్లోవాళ్ళనే కొట్టొచ్చు. చర్మాన్ని కొట్టొచ్చు, పేగుల్ని కొట్టొచ్చు. విరేచనాలు పట్టుకుంటే తిన్నది పడలేదులే అని ఊరుకోవద్దు, అదే రోజు ఫోన్ చెయ్యాలి, ఊరుకుంటే పేగుకి చిల్లు పడుతుంది అన్నాడు. నేను తలూపాను. ఆయనా తలూపాడు! నా పక్కనే కూర్చుని తలూపాడు!

— నువ్వు చెప్పమన్నావా ఆయన్ని? … ఎన్నిసార్లన్నావు? … నిన్న కూడానా. … మరి నాకెందుకు చెయ్యలేదు? నా నంబరు నీ దగ్గర ఉందిగా. ఒట్టుదేముంది, తుంగలో తొక్కాలి ఇలాంటి ఒట్లు! ప్యాంట్లు బిగించి ఇస్తూ కూర్చున్నావా!

— నన్ను చూస్తే భయమేసిందా. … ఆ. వేస్తుంది. నేనలాగే ఉంటాను.

నీ మీద ఎలా విరుచుకుపడ్డానో చూడు. నేనూ ఆ కాపలావాళ్ళలాగే. మనమనిషో కాదో చూడకుండా.

— క్షమాపణలు తర్వాత. నీవీ నావీ తర్వాత చెప్పుకుందాం. … ఇంకేంటి? ఇంకేదో ఉంది. నీ గొంతులో ఉంది. చెప్పెయ్.

…

రక్తమా?

ఎప్పట్నించి? … నిన్నట్నించి.

కుళాయి నీళ్ళు ఇంకా పోతున్నాయి లోపల. వార్తలు కూడా. … నేను బట్టలన్నీ ఆరేశాను నీతో మాట్లాడుతూ. అంతసేపయింది. … ఫోన్ పెట్టకు. వస్తున్నా, లోపలికి వస్తున్నా. పెట్టకు.

ఏమండీ!

ఏమండీ, తలుపు తియ్యండి! … ఆ వార్తలు ఆపండి ముందు! … తలుపు తియ్యండి, నాకు తెలిసిపోయింది. అంతా తెలిసిపోయింది.

…

— ఉన్నాడు. పలికాడు. 'ఏం లేదు, వస్తున్నా' అంటున్నాడు. ఆ గొంతు చూడు… నూతిలోంచి వచ్చినట్టుంది.

ఏమండీ, ఏం లేకపోవడమేంటి? రక్తం పడుతోందట కదా! … ఎవరు చెప్తే ఏం? … ఆసుపత్రికి వెళ్దాం, లేవండి. … వద్దంటే కుదరదు. … మందు ఎందుకాపుతారు? … ఆపితే ఆపనివ్వండి! … ఏమండీ!

— గడియ తియ్యడు. 'నాలుగు రోజులాగు, వచ్చే డ్రిప్పు ఎక్కించుకున్నాక చెబుదాం' అంటున్నాడు. పిచ్చిమనిషి. తలుపు చెక్కది కాదు, ఇనపది, తానే బిగించాడు. తన్నినా విరగదు. … నా మాట వినడు. నేనన్నీ పెద్దవి చేసి చూస్తానని. తుమ్మితే ఫోన్ చేసేదాన్ని కదా, నిజంగా పులి వచ్చినా నా కేక ఆయనకి తుమ్ము కిందే లెక్క.

— ఏంటి? … స్కానింగా? నీదా? … ఎప్పుడొచ్చింది?

— మందు ఆపేశాక కూడానా? ఆపేశాక కూడా తగ్గిందా? … కాపలావాళ్ళు ఒకసారి దొంగని గుర్తుపట్టాక మందు లేకపోయినా మర్చిపోరని… కొందరిలో అలా జరుగుతుందని… డాక్టరే అన్నాడా? నీ ముందే అన్నాడా? … ఇవాళ పొద్దున్నేనా?

మరి ఆ ముక్క ఈయనకి చెప్పలేదేం!

— చేశావా. ఎత్తలేదా. … వార్తలు వింటున్నాడుగా.

…

టైలరమ్మా.

విను. స్పీకర్ పెడుతున్నా. ఫోన్ తలుపు కింద సందు దగ్గర పెడతా. నువ్వు చెప్పు. మందు ఆపారు, అయినా నా గడ్డ తగ్గింది అన్నయ్యా అని చెప్పు. నేను చెబితే ఓదార్పు అనుకుంటాడు. నువ్వు చెబితే నమ్ముతాడు. ఆ కుర్చీలో కూర్చున్నదానివి నువ్వు, నేను కాదు.

— ఏంటి… నాకేమీ కాదు. కుళ్ళు ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంది. ఉండనీ. దాని పని అది చూసుకుంటుంది. నువ్వు మాట్లాడు.

ఇంకో మాట. మళ్ళీ ఒళ్ళు చేస్తాడు కదా… చేస్తాడు. అప్పుడు ఆ ప్యాంట్ల కుట్లు విప్పేది నేను. నువ్వు కాదు. ముందే చెప్తున్నా.

— ఆ. నవ్వు. నవ్వి, గొంతు సవరించుకో. ఏడుపు గొంతుతో చెబితే భయపడతాడు. తలుపు తీశాక నువ్వు పెట్టేసి వార్డుకి ఫోన్ చెయ్యి, బయల్దేరామని చెప్పు. నేను టాక్సీ చూస్తా.

పెట్టాను. ఇదిగో, నేల మీద పెట్టాను. … పిలువు. … ఏమని అడుగుతావేంటి? అన్నయ్యా అనే పిలువు.

…

…

గట్టిగా. నీళ్ళ చప్పుడులో వినపడదు. ఇంకా గట్టిగా.

…

కుళాయి కట్టాడు. … చెప్పు, చెప్పు, వింటున్నాడు.

…

…

ఏమండీ… మెల్లగా. నేనేమీ అనను. నోరెత్తితే అడగండి. … ఆ, గడియ పైకెత్తండి. ఇంకొంచెం. …

వచ్చేశారు. వచ్చేశారు, అంతే. … అవన్నీ నేను కడుక్కుంటాలెండి, అటు చూడకండి. … ఫోనా? అది ఇంకా కట్ అవ్వలేదు, ఉండనివ్వండి. ఆమెని కూడా విననివ్వండి, ఇప్పుడే పెట్టేసి వార్డుకి చేస్తుంది.

గోడ పట్టుకోకండి, తడిగా ఉంది, జారుతుంది. చెయ్యి ఇలా ఇవ్వండి. … అలా కాదు. నా భుజం మీద వెయ్యండి.

ఆ… అక్కడే. అక్కడే ఉంచండి.